'గోడ్' అన్నందుకు నవ్వొద్దు



మన హాస్టల్లో లెక్కలకు భయపడేవాళ్ల కన్నా ఇంగ్లీషు క్రియలకు భయపడేవాళ్లే ఎక్కువ. స్టడీ అవర్‌లో ఎవరి నోట విన్నా 'గో, వెంట్, గాన్', 'ఈట్, ఏట్, ఈటెన్'. పట్టిక మొత్తం బట్టీ పడతాం. పరీక్ష అయిన మర్నాడు ఒక్కటీ గుర్తుండదు. మనం మొదలుపెట్టే చోటే సరిగా లేదని నా అభిప్రాయం. ముందు నేర్చుకోవాల్సింది పట్టిక కాదు, నియమం.

ఇంగ్లీషులో క్రియలు రెండు రకాలు. గో, వెంట్ లాగా ఇష్టం వచ్చినట్టు మారేవి సుమారు 200. మిగతావి వేలకు వేలు. అవన్నీ ఒకే దారిలో నడుస్తాయి. వాటినే రెగ్యులర్ వెర్బ్స్ అంటారు. జరిగిపోయిన పని చెప్పాలంటే చివర 'ఈ', 'డీ' అనే రెండు అక్షరాలు చేరిస్తే చాలు. మూడో రూపం కూడా అదే. ఒక్క నియమం వస్తే వేల మాటలు వచ్చినట్టే.

ఇది తెలుగు కన్నా సులువు. చూడండి. నేను వండాను, నువ్వు వండావు, అతను వండాడు, ఆమె వండింది, మేము వండాము, వాళ్లు వండారు. ఇంగ్లీషులో ఐ, యు, హి, షి, వి, దే, ఎవరైనా సరే 'కుక్ట్' ఒక్కటే. అలా మారనిది తెలుగులో కూడా ఉంది. నేను వండలేదు, ఆమె వండలేదు, వాళ్లు వండలేదు. మనిషిని బట్టి 'వండలేదు' మారదు కదా. కుక్ట్ కూడా అలాంటిదే అనుకోండి, భయం పోతుంది. రోజూ చేసే పని చెప్పేటప్పుడు మాత్రం హి, షి, ఇట్ కి చివర 'ఎస్' వస్తుంది. షి కుక్స్. మిగతా అందరికీ కుక్ అంతే.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. రాసేది అవే రెండు అక్షరాలైనా పలికేది మూడు రకాలుగా. మనం అన్నిటినీ 'కుక్కెడ్, వాషెడ్, క్లీనెడ్' అని చదువుతున్నాం. క, ప, స, ష, చ, ఫ శబ్దాల తర్వాత 'ట్' అనాలి, కుక్ట్, వాష్ట్. ట, డ శబ్దాల తర్వాత 'ఇడ్' అనాలి, వెయిటిడ్. మిగతా వాటికి 'డ్', క్లీన్డ్. క్యారీ రాసేటప్పుడు చివరి 'వై' తీసి 'ఐ' పెట్టి తర్వాత 'ఈ', 'డీ' రాయాలి. ప్లేలో 'వై' ముందు 'ఏ' ఉంది కాబట్టి తియ్యకూడదు. స్టాప్‌కి 'పీ' రెండుసార్లు రాయాలి. 'ఐ డిడ్ నాట్ కుక్ట్' అనకూడదు, 'ఐ డిడ్ నాట్ కుక్' అనాలి. జరిగిపోయిన సంగతి డిడ్ ముందే చెప్పేసింది, మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. పోయిన నెల ఆరో తరగతి చెల్లి ఒకామె 'ఐ గోడ్ టు మై విలేజ్' అంది. అందరూ పకపకా నవ్వారు. 'ఏ గోడ? వంటగది గోడా, బాత్రూం గోడా?' అని వారం రోజులు ఏడిపించారు. ఇప్పుడు ఆ చెల్లి ఇంగ్లీషు పీరియడ్‌లో నోరు తెరవడం లేదు. సారు పేరు పెట్టి పిలిచినా తల వంచుకుని నిలబడుతుంది.

నిజానికి ఆ చెల్లి తెలివిగా ఆలోచించింది. గోడ్ అనే మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. నియమం అర్థమైంది కాబట్టే దాన్ని గో కి కూడా తగిలించింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న చిన్నపిల్లలు కూడా మొదట్లో గోడ్, కమ్డ్ అంటారని, పెద్దవాళ్ల మాట విని విని దిద్దుకుంటారని సారు చెప్పారు. అంతెందుకు, హెల్ప్‌కి పూర్వం 'హోల్ప్' అనేవారట. జనం హెల్ప్ట్, హెల్ప్ట్ అనగా అనగా అదే నిలిచిపోయింది. ఇప్పుడు కొత్తగా పుట్టే క్రియలు కూడా దాదాపు అన్నీ ఈ దారిలోనే వస్తున్నాయి. గూగుల్‌లో వెతికాను అనడానికి 'గూగుల్డ్' అంటున్నారు.

మనలో చాలామందిమి ఇంట్లో కోయ మాట్లాడతాం. తెలుగు బడికి వచ్చాకే నేర్చుకున్నాం. మొదట్లో మన తెలుగు విని నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర మనం తెలుగు నేర్చుకోలేదు. ఓపికగా మళ్లీ చెప్పినవాళ్ల దగ్గర నేర్చుకున్నాం. మా అమ్మానాయనా బడికి పోలేదు. సెలవులకు ఇంటికి పోతే ఇంగ్లీషులో డౌటు అడగడానికి ఊళ్లో మనిషి లేడు. నేర్చుకుంటే ఇక్కడే నేర్చుకోవాలి, ఒకరికొకరం చెప్పుకోవాలి. ఇక్కడే నోరు మూయిస్తే ఇంకెక్కడ తెరుస్తాం?

పట్టిక చదవకపోతే మార్కులు ఎలా వస్తాయని పదో తరగతి అక్కలు అడుగుతారు. ఆ 200 చదవొద్దని నేను అనడం లేదు. ముందు నియమం పట్టుకుని, తర్వాత వారానికి 5 చొప్పున నేర్చుకుంటే 40 వారాల్లో అయిపోతాయి.

నా మనవి మూడు విషయాలు. ఒకటి, తప్పు మాటకు 50 సార్లు ఇంపోజిషన్ రాయించవద్దని ఉపాధ్యాయులను కోరుతున్నాను. చెయ్యి నొప్పి పుడుతుంది గానీ మాట రాదు. దాని బదులు ఆ క్రియతో సొంతంగా 5 వాక్యాలు రాయించండి. రెండు, స్టడీ అవర్ చివరి 10 నిమిషాలు ఆ రోజు చేసిన పనులు ఒక్కొక్కరం మూడు చెబుదాం. ఐ వాష్ట్ మై ప్లేట్. ఐ క్లీన్డ్ ద రూమ్. ఐ వెయిటిడ్ ఫర్ మై మదర్. దీనికి వార్డెన్ మేడమ్ గారు అనుమతి ఇవ్వాలి. మూడు, ఎవరైనా గోడ్ అంటే నవ్వకుండా 'వెంట్ అనాలి చెల్లీ' అని చెబుదాం.

మీరేమంటారో కాగితం మీద రాసి ఇవ్వండి. వచ్చే గోడపత్రికలో పెడదాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని