గుర్రాల సామికి జై! మెట్ట ప్రాంత ప్రజలకు అభిమానుల విజ్ఞప్తి

ఎగరనివాడే ఎదిగాడు!
పాస్ ఇచ్చినవాడే మొనగాడు!
నికోలా జోకిచ్ వర్ధిల్లాలి!

ఉదయగిరి, ఆత్మకూరు ప్రజలారా! అన్నలారా, అక్కలారా, అబ్బయ్యలారా! బస్టాండులో పల్లెవెలుగు కోసం కళ్ళు కాయలు కాచిన పెద్దలారా!

ఈ కాగితం చేతిలో పెట్టగానే "ఏ పార్టీ నాయనా?" అని అడగబోతారని తెలుసు. ఇది పార్టీ కాదు. చీటీల కంపెనీ కాదు. మోకాళ్ళ నొప్పులకు చెట్ల మందూ కాదు. మేం ఓటు అడగం, చందా అడగం. చివర్లో ఒక్క పాత గంప మాత్రం అడుగుతాం. ఆ గంప సంగతి తెలియాలంటే కాగితం పూర్తిగా చదవాలి. బస్సు ఎట్లాగూ ఇప్పట్లో రాదు.

మేమెవరం?

మెట్టలో పుట్టి, సంగటి తిని, తెల్లారి ఫోన్లో అమెరికా బాస్కెట్‌బాల్ చూసే అభిమానులం. ప్రస్తుతానికి పదకొండు మందిమి. అందులో ఒకాయన ఐపీఎల్ మొదలైతే కనపడడు. ఇంకొకాయన టీ కోసమే వస్తాడని అనుమానం. మిగిలిన తొమ్మిది మందీ ప్రాణం పెట్టేవాళ్ళే. మాలో ఒకడు తన గేదె దూడకు జోకిచ్ అని పేరు పెట్టాడు. అది కూడా ఎగరదు, నింపాదిగా నడుస్తుంది, ఎవరెటు పోతున్నారో అన్నీ గమనిస్తుంది.

ఎవరీ సామి?

సెర్బియా అనే దేశంలో సొంబోర్ అని ఒక చిన్న పట్నం. 1995 ఫిబ్రవరి 19న అక్కడ పుట్టాడు. ఎత్తు ఆరడుగుల పదకొండు అంగుళాలు. మన పాత మిద్దెల గడప దాటాలంటే నడుం వంచి దండం పెట్టినట్టు రావాల్సిందే. అంటే పెద్దల ఎడల వినయం ఆయనకు ఎత్తులోనే పుట్టిందన్నమాట. డెన్వర్ నగ్గెట్స్ జట్టులో 15వ నంబరు చొక్కా తొడుక్కుంటాడు.

2014లో ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ వాళ్ళు, కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగింది. అదేమిటో డి.సి.పల్లి, కలిగిరి పొగాకు వేలం చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మేలిమి బేళ్ళ చుట్టూ వ్యాపారులు మూగుతారు, మూలనున్న బేలు వంక ఎవరూ చూడరు. మన సామి పేరు 41వది. ఆ పేరు వచ్చే సమయానికి టీవీలో టాకో బెల్ తినుబండారాల ప్రకటన నడుస్తోంది. పేరు తెర మీద చిన్న అక్షరాల్లో వచ్చి పోయింది. ఆయనేమో సెర్బియాలో హాయిగా నిద్రపోతున్నాడు.

"నో బిడ్" అనిపించుకున్న బేలును మళ్ళీ ఇంటికి మోసుకొచ్చిన రైతు కడుపుమంట ఎట్లాంటిదో ఈ మెట్టకు తెలుసు. అందుకే చెబుతున్నాం, వినండి. ఆ 41వ బేలు 2021లో, 2022లో, 2024లో ఎన్‌బీఏ మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా నిలిచింది. డ్రాఫ్టులో అంత అడుగున ఉండి ఆ బిరుదు కొట్టినవాడు చరిత్రలో ఇంకొకడు లేడు. గ్రేడు కట్టినవాళ్ళు ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటారు?

2023లో డెన్వర్‌కు మొట్టమొదటి కప్పు తెచ్చాడు. ఫైనల్లో మయామి జట్టును 4-1తో పడగొట్టారు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో మొత్తం పాయింట్లు ఆయనవే ఎక్కువ, రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) ఆయనవే ఎక్కువ, అసిస్టులూ (పక్కవాడు పాయింటు కొట్టేలా ఇచ్చే పాసులు) ఆయనవే ఎక్కువ. మూడింటిలోనూ ఒక్కడే ముందుండడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. పెళ్ళిలో వంటా తనే చేసి, వడ్డనా తనే చేసి, మధ్యలో పోయి మేళం కూడా వాయించి వచ్చినట్టు! 2025 మార్చిలో ఫీనిక్స్ సన్స్ మీద ఒక్క మ్యాచులోనే 31 పాయింట్లు, 21 రీబౌండ్లు, 22 అసిస్టులు. అంతటి లెక్క ఎన్‌బీఏలో అంతకుముందు ఎవరూ రాయించుకోలేదు. ఆ ఉదయం మాలో ఒకడు స్పృహ తప్పాడు. ఎండదెబ్బ అన్నారు ఇంట్లోవాళ్ళు. మేం భక్తి అంటున్నాం.

మరి ఇంత మొనగాడు ఎగురుతాడా? ఎగరడు. మన సంక్రాంతి కోడి ఆయనకన్నా ఎత్తు ఎగురుతుంది. పరుగూ అంతంతే. కానీ బంతి చేతికి వచ్చిందంటే, అవతల ఎవడు ఖాళీగా ఉన్నాడో ఆ ఖాళీగా ఉన్నవాడికన్నా ముందు ఈయనకు తెలుస్తుంది. తల తిప్పకుండా, భుజం మీదుగా, ఒంటిచేత్తో పాస్! సోమశిల గేట్లు ఎత్తితే పెన్న ఎటు పోవాలో అటే పోయినట్టు, బంతి పోవాల్సినవాడి చేతిలోకే పోతుంది.

అశ్వపతి ఒక్కడే బాకీ

మన ఉదయగిరి దుర్గం కథ మీకు కొత్తగా చెప్పం. గజపతులు ఏలిన కోట. నరపతి అయిన శ్రీకృష్ణదేవరాయలు వచ్చి, దాదాపు 18 నెలలు ముట్టడి వేసి, 1514లో గెలిచాడు. గజపతి అయిపోయాడు, నరపతి అయిపోయాడు, ఇక అశ్వపతి ఒక్కడే బాకీ! చరిత్ర పాఠాల్లో అశ్వపతులంటే సుల్తానులని ఉంటుంది. మాస్టర్లు కోప్పడవద్దు. మా లెక్కలో గుర్రాలను ప్రేమించేవాడే అశ్వపతి.

జోకిచ్‌కు గుర్రాలంటే ప్రాణం. సొంత ఊళ్ళో గుర్రాల శాల ఉంది. కప్పు గెలిచిన రాత్రి, మూడు రోజుల తర్వాత విజయోత్సవ ఊరేగింపు ఉందని చెబితే, ఎగిరి గంతేయలేదు సరికదా, ఇంటికి పోవడం ఆలస్యమవుతుందని మొహం వేలాడేశాడు. కప్పు వచ్చినప్పుడు కంట తడి లేదు. సొంబోరులో తన గుర్రం పందెం గెలిస్తే మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. హైదరాబాదులో, బెంగళూరులో, కువైట్‌లో కష్టపడుతూ సంక్రాంతికి ఊరొస్తే చాలనుకునే మన పిల్లలకు ఈ మనిషి ఎవరో వేరే చెప్పాలా? పొట్టకూటికి ఎంత దూరం పోయినా మనసు ఊళ్ళోనే కట్టేసి పోయేవాడు. వాడు మనవాడే.

ఇంకో మాట. దుర్గం గెలిచిన రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. (సినిమా అభిమానులు పొరబడవద్దు, ఇది వేరే బాలకృష్ణుడు.) పోయి 500 ఏళ్ళు దాటింది. పరిహారంగా మనకు ఒక్క బాస్కెట్‌బాల్ బోర్డు కూడా రాలేదు. ఇది అన్యాయం కాదా?

డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తు. మన దుర్గం 3,079 అడుగులు. కాస్త తక్కువే, ఒప్పుకుంటాం. కానీ వాళ్ళు లిఫ్టుల్లో ఎక్కుతారు. మనం మే నెల ఎండలో, చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని, ముళ్ళచెట్లు తప్పించుకుంటూ ఎక్కుతాం.

ప్రత్యర్థుల ప్రశ్నలకు మా జవాబులు

"ఆయన ఏ కులం?" సెంటర్. ఆయన ఆడే స్థానం పేరే సెంటర్. బస్టాండ్ సెంటర్ ఎట్లా అందరిదో, ఆయనా అట్లాగే అందరివాడు.

"మన సినిమా హీరోలుండగా ఈ తెల్లోడెందుకు?" వాళ్ళను వదులుకోమని మేం అనలేదు. సినిమాలో హీరో ఒక్కడే వందమందిని కొడతాడు. ఈ హీరో నలుగురి చేత కొట్టిస్తాడు. రెండూ చూడండి. ఊరికి ఏది పనికొస్తుందో మీరే తేల్చండి.

"క్రికెట్ ఉండగా బాస్కెట్‌బాల్ ఎందుకు?" క్రికెట్‌లో పదిమంది ఎండలో నిలబడి ఒకడి వంక చూస్తారు. ఇందులో నిలబడడానికి తీరిక ఉండదు. పైగా 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు జాగా చాలు. నూర్పిళ్ళయ్యాక ఖాళీ అయిన కల్లం సరిపోతుంది.

"మనవాళ్ళకు ఆ ఎత్తేదీ?" పంజాబ్‌లో ఒక పల్లెటూరి పిల్లవాడు సత్నామ్ సింగ్ 2015 డ్రాఫ్టులో డాలస్ జట్టుకు ఎంపికయ్యాడు. భారతదేశం నుంచి ఎన్‌బీఏ డ్రాఫ్టుకెక్కిన మొదటివాడు. ఎత్తు దేవుడిస్తాడు. పాస్ ఇవ్వడం మాత్రం మనమే నేర్చుకోవాలి. జోకిచ్ గొప్పతనం రెండోదానిలోనే ఉంది.

ఇక గంప సంగతి

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టరు చలికాలంలో పిల్లలతో ఏం ఆడించాలో తోచక, పీచ్ పళ్ళ గంపలు రెండు తెప్పించి పదడుగుల ఎత్తున కొట్టించాడు. అదే బాస్కెట్‌బాల్. గంపలకు అడుగు ఉండడం వల్ల బంతి పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు ఎక్కి తీయాల్సి వచ్చేది. అడుగు తీసేస్తే పోతుందని తర్వాత తెలిసింది.

ప్రజలారా! పేడ ఎత్తే గంప, కాయలు మోసే గంప, కోళ్ళను మూసే గంప: మెట్టలో గంపకు కొదవా? అడుగు ఊడిన గంప ఇంటింటికీ ఒకటి అటక మీద పడి ఉంది. ఇన్నాళ్ళూ అది పనికిరాదనుకున్నాం. అడుగు లేకపోవడమే దాని యోగ్యత అని ఇప్పుడు తెలిసింది!

కార్యక్రమం

1. వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు, ఎవరి ఊళ్ళో వాళ్ళు, అడుగులేని గంపతో కల్లం దగ్గరికి రావాలి. రెండు గుంజలు పాతి, పదడుగుల ఎత్తున రెండు గంపలు కట్టాలి. ఒకటి ఉదయగిరిలో, ఒకటి ఆత్మకూరులో కడదామని కొందరు రాజీ ప్రతిపాదన తెచ్చారు. అట్లా అయితే ఒక్క గోలుకు రెండు బస్సులు మారాలి. తిరస్కరించాం.

2. మా సామి ఫొటోకు పాలాభిషేకం నిషేధం. పాలు తెచ్చినవాళ్ళు కాచి, ఆడే పిల్లలకు తలా ఒక గ్లాసు పోయాలి. కుర్రతనంలో సామి రోజుకు మూడు లీటర్ల కోలా తాగేవాడట. డెన్వర్ పోయే విమానంలో తాగిందే ఆఖరుదట. కాబట్టి భక్తులు కూల్‌డ్రింకు మానాలి. మజ్జిగకు అభ్యంతరం లేదు.

3. ఫ్లెక్సీలు కట్టవద్దు. హీరోల ఫ్లెక్సీలు కడుతూ కరెంటు తీగ తగిలి పిల్లలు పోయిన వార్తలు మన రాష్ట్రంలోనే చదివాం. ఆ ఒక్క మాట మాత్రం నవ్వులాటకు రాయలేదు. ఏ హీరో పుట్టినరోజూ ఒక తల్లికి తద్దినం కాకూడదు.

4. ఆడపిల్లలకు సగం సమయం. "చీకటి పడింది, ఇంటికి పో" అని వాళ్ళను పంపించి మగపిల్లలు ఆడుకుంటే ఫౌల్.

5. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సామి జట్టుకు 82 మ్యాచులు. డెన్వర్‌లో సాయంత్రమైతే మనకు తెల్లారి ఆరున్నర, ఏడున్నర. పాలు పితికి, ఇడ్లీ తిని, స్కూలు బస్సు వచ్చేలోపు సగం ఆట చూడొచ్చు. ఫోన్ ఒకరిది, డేటా ఒకరిది, వ్యాఖ్యానం అందరిది.

6. నెల్లూరు రొట్టెల పండుగలో చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె ఉన్నట్టు, ఈసారి స్వర్ణాల చెరువులో "బోర్డు రొట్టె" పట్టుకోవడానికి మా బృందం బయల్దేరుతుంది. సిమెంటు కోర్టు వచ్చిన ఏడాది మొక్కు తీర్చి రొట్టె పంచుతాం.

7. ఆఖరున పోటీ. బహుమతి ఉదయగిరి చెక్క గరిటె. ఇది ఎక్కువ పాయింట్లు కొట్టినవాడికి కాదు, ఎక్కువ అసిస్టులు ఇచ్చినవాడికి. గరిటె ఉన్నది తనకు వడ్డించుకోడానికి కాదు గదా!

కడపటి మాట

నవ్వుకుంటున్నారు. నవ్వండి, అందుకే రాశాం. వేల మైళ్ళ అవతల ఎవడో బంతి విసిరితే మీకేం ఒరిగిందని ఇంట్లో మమ్మల్ని రోజూ అడుగుతున్నారు. మా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. మేం ఇంతవరకు మొక్కిన హీరోలందరూ మమ్మల్ని కింద నిలబెట్టి తల ఎత్తి చూడమన్నారు. ఈయన ఒక్కడే మేం ఖాళీగా ఉన్నామని చూసి బంతి మా చేతిలో పెట్టాడు. బంతి వచ్చాక చూస్తూ నిలబడితే భక్తి కాదు. ఆడాలి.

కాబట్టి చివరి విన్నపం. ఈ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోవద్దు. మిరపకాయ బజ్జీ నూనె అద్దడానికి వాడవద్దు. చదవడం అయ్యింది కదా, మీ పక్కన నిలబడ్డవాళ్ళకు ఇవ్వండి. తల తిప్పకుండా ఇవ్వగలిగితే మరీ మంచిది.

అదే మీ మొదటి అసిస్ట్.

ఇట్లు,
ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంత జోకిచ్ అభిమానులు
(అచ్చు ఖర్చు: మా నెల రోజుల టీ డబ్బులు)