మాడిన నూనెకి ఒక డ్రమ్ము కావాలి

బజ్జీల మూకుడులో మిగిలిన నల్ల నూనె రబ్బరు తయారీకి పనికొస్తుందంటే చాలామంది నవ్వుతారు. కానీ రబ్బరుకీ నూనెకీ స్నేహం పాతదే. ముడి రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. ఆ ముద్ద మెత్తగా కలవాలన్నా, కార్బన్ బ్లాక్ ఉండ కట్టకుండా అంతటా పరుచుకోవాలన్నా కాస్త నూనె పోయాలి. చపాతీ పిండికి మనింట్లో చేసేదీ ఇదే కదా!

ఇన్నాళ్లూ ఆ నూనె ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చింది. వాటిలో కొన్నిటిలో క్యాన్సర్ కారకాలు ఉన్నాయని యూరప్ 2010 నుంచి టైర్లలో వాటికి పరిమితి పెట్టింది. 2017లో గుడ్‌ఇయర్ కంపెనీ సోయా నూనె కలిపిన టైరు తెచ్చింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్లు వాడేసిన వంటనూనెని గంధకంతో కలిపి, రబ్బరు లాంటి పదార్థం చేసి, పాదరసాన్ని పీల్చుకోవడానికి పనికొస్తుందని చూపించారు.

ఇబ్బందులు లేవని కాదు. వాడిన నూనెలో నీరు, మాడిన పిండి ఉంటాయి. వడకట్టాలి, తడి తీసేయాలి. పైగా నూనె కూడా గంధకంతో కలుస్తుంది కాబట్టి రబ్బరుకి అందే గంధకం తగ్గుతుంది. కొలతలు మార్చుకోవాలి. అయినా ఇవన్నీ ల్యాబ్‌లో తేలే లెక్కలు. తేలనిది ఒక్కటే: ఆ నూనెని పోగు చేసేదెవరు?

కొయ్యూరు లాంటి ఏజెన్సీ మండలాన్నే తీసుకోండి. సంత రోజు పునుగులు, జిలేబీలు వేసే బండ్లు ఉంటాయి. మిగిలిన నూనె వచ్చే సంతకి మళ్లీ మూకుడెక్కుతుంది, లేదా గెడ్డలో కలుస్తుంది. మనకి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. నూనెలో పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి అమల్లో ఉంది. ఆ ఏడాదే ఎఫ్ఎస్ఎస్ఏఐ ‘రూకో’ మొదలుపెట్టి, వాడిన నూనెని బయోడీజిల్‌కి పంపమంది. కానీ రోజుకి 50 లీటర్లు దాటి వాడే హోటళ్లే లెక్కలు రాయాలి. సంతలో బజ్జీలు వేసే అక్క ఆ లెక్కలోకే రాదు. ఆమె దగ్గర మీటరూ లేదు, కొనేవాడూ లేడు. వాడిన నూనె పారబోస్తే ఆమెకి నష్టం. అందుకే మళ్లీ కాస్తుంది. ఆమెని తిట్టి లాభం లేదు.

మా బ్రాంచి వాళ్లం హ్యాకథాన్‌లో అయితే దీనికి వెంటనే ఒక యాప్ చేసేస్తాం. నా ఉద్దేశంలో ఇక్కడ కావాల్సింది యాప్ కాదు, డ్రమ్ము. గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, 1956 నుంచి ఏజెన్సీలో ఉంది. డిపోల ద్వారా సరుకులు అమ్ముతుంది, చింతపండు, కుంకుళ్లు, తేనె కొంటుంది. సరుకు కిందికి వెళ్లే బండిలోనే ఒక డ్రమ్ము కూడా వెళ్లొచ్చు. వాడిన నూనె తెచ్చిన వాళ్లకి కొత్త నూనె మీద తగ్గింపు ఇస్తే చాలు, సంతలో వాళ్లే మోసుకొస్తారు.

"కొండ మీద దొరికేది ఎంతలే" అనొచ్చు. చింతపండు కూడా గంపల్లోనే వస్తుంది, డిపోలో పోగైతేనే లారీ అవుతుంది. కింద అచ్యుతాపురంలో 2022 నుంచి యోకోహామా టైర్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. విశాఖ రిఫైనరీలో క్రూడ్ శుద్ధి చేసినప్పుడు గంధకం ఎలాగూ మిగులుతుంది. నూనె శుద్ధి చేసి, రబ్బరులో పరీక్షించే పని మన కెమికల్, మెకానికల్ వాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టుగా తీసుకోవచ్చు.

అయితే ఒక షరతు. ఫ్యాక్టరీ కొండ ఎక్కకూడదు, నూనే కొండ దిగాలి. దాని ధర కూడా కొండవాళ్ల చేతికి రావాలి. అడవి సరుకుకి డబ్బిస్తున్నప్పుడు, వాళ్ల ఆరోగ్యాన్నీ గెడ్డ నీళ్లనీ కాపాడే ఈ సరుకుకి ఎందుకివ్వకూడదు?