ఉబుంటులో 'కాపీలెఫ్ట్' కోడ్‌కు బదులు కొత్త కోడ్.. అరకు కొండల్లో పాత ఫోన్‌కు దీంతో సంబంధమేంటి?

ఫోన్ బాగానే ఉంది. స్క్రీన్ పగల్లేదు, బ్యాటరీ పోలేదు. కానీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. ఇక ఒక్కో యాప్ మొరాయించడం మొదలవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు కొండల్లో ఇది చిన్న సమస్య కాదు. అక్కడ చాలా ఇళ్లలో ఫోనే కంప్యూటర్. అలాంటి ఫోన్‌కు మళ్లీ ప్రాణం పోయాలంటే దాని కోడ్ బయటికి రావాలి. ఆ కోడ్ ఇచ్చి తీరాలని చెప్పే లైసెన్స్‌నే 'కాపీలెఫ్ట్' అంటారు. ఇప్పుడు పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఆ లైసెన్స్ ఉన్న భాగాలు ఒక్కొక్కటిగా తప్పుకుంటున్నాయి.

అసలేం జరిగింది?

2025 అక్టోబర్ 9న ఉబుంటు 25.10 విడుదలైంది. ఫైల్ కాపీ చేయడం, తేదీ చూపించడం లాంటి రోజువారీ పనులు చేసే చిన్న ప్రోగ్రాములను 'కోర్‌యుటిల్స్' అంటారు. ఇన్నేళ్లూ ఇవి జీఎన్‌యూ ప్రాజెక్ట్ నుంచి వచ్చేవి. ఇప్పుడు వాటి స్థానంలో రస్ట్ భాషలో తిరగరాసిన 'యుయుటిల్స్' వచ్చాయి. రస్ట్‌తో మెమరీ తప్పులు తగ్గుతాయి, భద్రత పెరుగుతుందన్నది ఉబుంటు తయారీ సంస్థ కెనానికల్ వాదన. అయితే మొదట్లోనే ఓ దెబ్బ తగిలింది. తేదీ ప్రోగ్రాములోని లోపం వల్ల కొన్ని సిస్టమ్‌లలో ఆటోమేటిక్ అప్‌డేట్ల తనిఖీ ఆగిపోయింది. తర్వాత దాన్ని సరిచేశారు.

లైసెన్స్‌లో తేడా ఏంటి?

పాతవాటిది జీపీఎల్, కొత్తవాటిది ఎంఐటీ లైసెన్స్. జీపీఎల్ కోడ్‌ను ఎవరైనా మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మార్చిన కోడ్ కూడా ఇవ్వాల్సిందే. ఎంఐటీలో ఆ షరతు లేదు. కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు, మార్పులను కంపెనీ తన దగ్గరే దాచుకోవచ్చు.

ఈ షరతుకు ఎంత బలముందో చెప్పే ఉదాహరణ 2003లో కనిపించింది. లింక్‌సిస్ వైఫై రౌటర్‌లో జీపీఎల్ కోడ్ ఉన్నట్టు తేలడంతో కంపెనీ సోర్స్ కోడ్ బయటపెట్టింది. దాని నుంచే 'ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ' పుట్టింది. నేటికీ పాత రౌటర్లను అదే బతికిస్తోంది.

మన ఫోన్‌లో ఏముంది?

ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్ కెర్నల్. దానిది జీపీఎల్ రెండో వెర్షన్. దానిపైన గూగుల్ రాసిన భాగమంతా దాదాపు అపాచీ లైసెన్స్, అంటే కోడ్ ఇచ్చి తీరాలన్న షరతు లేనిదే. కంపెనీలు కెర్నల్ కోడ్ ఇవ్వాల్సి రావడం వల్లే 'లీనియేజ్‌ఓఎస్' లాంటివి పాత ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ అందిస్తున్నాయి. లాక్ చేసిన బూట్‌లోడర్లు, మూసిన డ్రైవర్లు ఇప్పటికే అడ్డంగా ఉన్నాయి. మిగిలిన తలుపు ఆ కెర్నలే.

ఆ తలుపు కూడా శాశ్వతం కాదు. గూగుల్ సొంతంగా రాసుకున్న 'ఫుషియా'లో లినక్స్ కెర్నల్ లేదు, జీపీఎల్ షరతూ లేదు. 2021లో అది నెస్ట్ హబ్ స్మార్ట్ డిస్‌ప్లేల్లోకి వచ్చేసింది.

భాష సంగతి?

తెలుగులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ. కోడ్ చేతిలో ఉంది కాబట్టే అది సాధ్యమైంది. అరకు కొండల్లో వినిపించే కువి, ఆదివాసీ ఒడియా భాషల మార్కెట్ చిన్నది. వాటికోసం ఏ కంపెనీ అయినా తనంతట తాను ముందుకొస్తుందా అంటే అనుమానమే. ఆ పని స్థానికులే చేసుకోవాలి, అందుకు కోడ్ అందాలి.

మరి భయపడాలా?

ఉబుంటు మార్పుతో ఈరోజు ఎవరి హక్కూ పోలేదు. యుయుటిల్స్ కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంది. కావాలంటే పాత జీఎన్‌యూ ప్రోగ్రాములనూ వాడుకోవచ్చు. భద్రత లాభం కూడా నిజమే.

తేడా అంతా ఒక్క మాటలో ఉంది. నిన్నటిదాకా 'కంపెనీ ఇచ్చి తీరాలి'. రేపు 'ఇష్టమైతే ఇస్తుంది'. కొత్త ఫోన్ కొనగలిగే వాళ్లకు ఇది పెద్దగా తెలియకపోవచ్చు. ఉన్న ఫోన్‌నే ఇంకో మూడేళ్లు నెట్టుకురావాల్సిన ఇంటికి మాత్రం తెలుస్తుంది.