ఐగుప్తు సమాధులు: బంగారము చూపవలెనా, గోడలు చూపవలెనా?

ఐగుప్తు దేశపు సమాధులనఁగానే మన విద్యార్థులకు రెండే సంగతులు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ఒకటి గీజా యొద్దనున్న పిరమిడ్లు. రెండవది 1922వ సంవత్సరమున హోవర్డు కార్టరుగారు కనిపెట్టిన టుటంఖామను రాజు సమాధియు, అందలి బంగారు ముఖకవచమును. పాఠ్యపుస్తకములలో ముద్రింపఁబడు బొమ్మలును ఇవియే. ఇవి చూడఁదగినవి కావని మేమనము. అయినను, ఆ దేశపు ప్రజలు ఎట్లు బ్రతికిరో బాలబాలికలకు బోధింపఁదలచిన యుపాధ్యాయుఁడు రాజుల సమాధులను గొంతసేపు ప్రక్కకుంచి, రాజబంధువుల యొక్కయు, మంత్రుల యొక్కయు, లేఖకుల యొక్కయు సమాధులతోఁ బాఠము నారంభించుట మేలని మా దృఢాభిప్రాయము.

కారణము చెప్పెదము. రాజుల లోయయందలి సమాధుల గోడల మీఁద విశేషముగానున్నవి పరలోక ప్రయాణపుఁ జిత్రములు. రాత్రి పండ్రెండు గంటలలో సూర్యదేవుఁడు దాఁటు ద్వారములు, వాని కడ్డమువచ్చు సర్పములు మొదలైనవి యచ్చటఁ గానవచ్చును. రాజు దేవతలలో నొకఁడుగా నెంచఁబడెను గనుక, అతని గోడమీఁద పొలము దున్నువానికిఁ జోటు దొరకుట యరుదు. ఉద్యోగి సమాధి యట్టిది కాదు. చనిపోయిన పిమ్మటఁ దనకు రొట్టె, మాంసము, ద్రాక్షారసము, నారబట్ట కావలెనని యతఁడు తలంచెను. కాఁబట్టి వాని నెల్ల సమకూర్చు పనివారిని గోడమీఁదఁ జెక్కించెను. యజమానుని పరలోక భోజనము కొఱకుఁ జెక్కిన యీ బొమ్మలే యా దేశపు కర్షకులను గూర్చి నేఁడు మనకు దొరకిన గొప్ప సాక్ష్యము.

సక్కారా యనుచోట టీ యను నుద్యోగి సమాధి గలదు. (పేరు విని తరగతిలో నవ్వు పుట్టును, పుట్టనీయవలసినదే.) ఇది క్రీ. పూ. 2400 ప్రాంతమునాఁటిది. అందొక గోడమీఁద పసులు కాలువ దాఁటుచున్నవి. కాపరి చిన్నదూడను వీఁపున మోయుచున్నాఁడు. దూడ మెడ వెనుకకుఁ ద్రిప్పి తల్లివంకఁ జూచుచున్నది. తల్లి మూతి యెత్తి యఱచుచున్నట్లున్నది. నీటిలో దిగిన పసుల కాళ్లు నీటిచాళ్ల మాటునఁ గనఁబడునట్లు చిత్రించిన యా పనివాని పేరు మనకుఁ దెలియదు. పసులను గాచిన పిల్లవాని కీ చిత్రమునకు వ్యాఖ్యాన మక్కఱలేదు. నాలుగువేల సంవత్సరములను ఒక దూడ దాఁటించుచున్నప్పుడు బంగారు ముఖకవచముతోఁ బనియేమి?

అదే సక్కారాయందు టేటి రాజునకు మహామంత్రియైన మెరెరుకా సమాధియుఁ గలదు. ఇతఁడు రాజపుత్రికను వివాహమాడినవాఁడు గనుక నుద్యోగియే కాక రాజబంధువును. భార్యకును కుమారునకును వేఱువేఱు గదులున్నవి. మొత్తము గదులు 30కి మించినవి. ఒక గోడమీఁద గ్రామముల పెద్దలను లెక్క చెప్పుటకై యీడ్చుకొనివచ్చు చిత్రము గలదు. లేఖకులు కలములు పట్టుకొని వరుసగాఁ గూర్చుండిరి. చెల్లింపు తక్కువ పడినవానిని స్తంభమునకుఁ గట్టి కఱ్ఱలతోఁ గొట్టుచున్నారు. మంత్రిగారు దీనిని దాఁచలేదు, సిగ్గుపడనులేదు. తన యధికారము సరిగా నడచినదనుటకు నిదర్శనముగానే దీనిని జెక్కించెను.

ఇట్టి సమాధులలోనే మఱియొక విధమైన వ్రాఁతయుఁ గలదు. ఆఁకలిగొన్నవానికి రొట్టె పెట్టితిననియు, బట్టలేనివానికి బట్ట యిచ్చితిననియు, పడవలేనివానిని నది దాఁటించితిననియు సమాధి యజమానుఁడు చెప్పుకొనును. సువార్త నెఱిఁగిన మన బాలురు దీనిని విని యానందింతురు. ఐగుప్తీయులెంత దయాళువులని మెచ్చుకొందురు. ఆ మెప్పు తొందరపాటని మా తలంపు. ఈ మాటలు పెక్కు సమాధులలో నించుమించుగా నొక్కతీరుననే వచ్చుచున్నవి. అది వాడుకపడిన మాదిరి. కాని యంతమాత్రమున దానిని త్రోసివేయుటయుఁ దగదు. ఒకఁడు తన్నుఁ బొగడుకొనుటకు ఏ గుణము నెన్నుకొనెనో చూచినచో, ఆ కాలపు ప్రజలు దేనిని గౌరవించిరో తెలియును. రొట్టె పెట్టితినను వ్రాఁతయు, కఱ్ఱదెబ్బల చిత్రమును ఒక్క కాలపు ఉద్యోగివర్గమునకే చెందినవి. రెంటిని ప్రక్కప్రక్కనఁ బెట్టి చదివించుటయే చరిత్ర బోధన మని మేమెంచుచున్నాము.

ఇఁక మా పాఠశాలవంటి పాఠశాలలకు ముఖ్యముగా సంబంధించిన సంగతి యొకటి. మూఁడవ థుట్మోసు రాజునకు మహామంత్రిగా నుండిన రెఖ్‌మిరే సమాధి, లుక్సరు పట్టణమున కెదురుగా నైలునది పడమటి యొడ్డునఁ గలదు. ఇది క్రీ. పూ. పదునైదవ శతాబ్దపుది. అందు ఇటుకలు చేయు చిత్రము ప్రసిద్ధము. కొందఱు కొలనునుండి నీరు తెచ్చుచున్నారు. కొందఱు పారలతో మన్ను కలుపుచున్నారు. ఒకఁడు అచ్చులోఁ బోసి యిటుకలను వరుసగాఁ బఱచుచున్నాఁడు. కఱ్ఱ చేతఁబట్టిన పైవిచారణకర్త చూచుచున్నాఁడు. బైబిలు చిత్రముల పుస్తకములలో దీనిని ముద్రించి, వీరే యిశ్రాయేలీయులని క్రింద వ్రాయువారు కలరు. గోడమీఁది వ్రాఁత యట్లు చెప్పుట లేదు. రాజు చెఱపట్టి తెచ్చినవారు ఆమోను దేవాలయపుఁ బనులకై యిటుకలు చేయుచున్నారని మాత్రము చెప్పుచున్నది. చిత్రమును జూచిన బాలునికి నిర్గమకాండము జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ జ్ఞాపకమును అడ్డగింపరాదు. ఇటుకల చాకిరి యెట్టిదో తెలిసికొనుటకీ చిత్రము చాలును. కాని గోడ చెప్పినదానికంటె నెక్కువ దానిచేఁ జెప్పించుట న్యాయము గాదు. సత్యమును బలపఱచుటకై సత్యము కానిదానిని జోడించిన, పిల్లవాఁడు పెద్దవాఁడై దానిని గనుఁగొన్న దినమున మనము చెప్పిన తక్కిన మాటలను గూడ సందేహించును.

ఇదే జాగ్రత్త పిరమిడ్ల విషయమునను వలయును. కొరడా దెబ్బలు తినుచు బానిసలే వానిని గట్టిరని నేఁటికిని తరగతులలోఁ జెప్పుట వినుచున్నాము. 1990వ సంవత్సరమున గీజాయొద్ద పనివారి సమాధులే బయటపడినవి. రాజు సమాధికి సమీపముననే వారిని గౌరవముతోఁ బాతిపెట్టిరి. పరలోకమునకై రొట్టెకుండలును ఉంచిరి. వారి యెముకలలో విఱిగి మరల నదికినవి కలవు; అనఁగా పని కఠినము, వైద్యమును జరిగెను. తరువాతికాలమున రాజుల లోయ సమాధులను దొలిచిన పనివారు, మూఁడవ రామెసెసు రాజు 29వ యేఁట, ధాన్యపు జీతము సకాలమున నందకపోఁగా పని మాని దేవాలయముల వెనుకఁ బోయి కూర్చుండిరి. ఆ వృత్తాంతము వ్రాసిన పపైరసు ఇటలీ దేశపు టూరిను నగరమున నేఁటికిని భద్రముగానున్నది. వ్రాఁతమూలముగాఁ దెలిసిన సమ్మెలలో నిదియే మొదటిదని పండితుల మాట.

బంగారమును చూపవలసియే వచ్చినచో, ఖూఫు రాజు తల్లి హెటెఫెరెసు సమాధిని మేమెన్నుకొందుము. 1925లో రైస్నరుగారి బృందమువారు దానిని గీజాలోఁ గనిపెట్టిరి. మంచము, కుర్చీ, పందిరి అన్నిటి కొయ్యయుఁ బొడియై, పైనున్న బంగారు రేకులు మాత్రము నేలమీఁద మిగిలెను. ఏ రేకు ఎచ్చటఁ బడియున్నదో యోపికతో వ్రాసికొని, క్రొత్తకొయ్యతో వానిని మరల నిలిపిరి. 1927లో మూసియున్న శవపేటికను దెఱవఁగా లోపల నేమియు లేదు. ఈ కథలో పిల్లలు నేర్వవలసినది రేకులు గాదు, వ్రాసికొనుట.

ఇంత చెప్పుటకుఁ గాలమెక్కడిది, పరీక్షలో నడుగునవి పిరమిడ్లే గదా యని మా తోడి యుపాధ్యాయులు కొంద ఱనుచున్నారు. విగ్రహారాధకుల గోరీలు మన పిల్లలకేల యని తలిదండ్రులు కొంద ఱడుగుచున్నారు. మొదటివారికి మా మనవి: ఒక్క గంటయే యున్నచో ఒక్క గోడనే చూపుఁడు, ఇరువదిపేర్లు వల్లెవేయించుటకంటె నది లాభము. రెండవవారికి: యాకోబు దేహమును యోసేపు సుగంధద్రవ్యములతో సిద్ధపఱపించినది ఈ దేశముననే గదా!

మేమీ యేఁడు ఆఱవ తరగతికి అస్వాను కొండలోనున్న హర్ఖుఫు సమాధితోఁ బాఠము నారంభింపఁదలచినాము. ఇతఁడు దక్షిణదేశములకు నాలుగుసారులు ప్రయాణముచేసి వచ్చిన యుద్యోగి. కడపటిసారి నాట్యమెఱిఁగిన మరుగుజ్జువాని నొకని వెంటఁ దెచ్చుచుండెను. అప్పుడు రాజైన రెండవ పెపి చిన్నబాలుఁడు. వార్త వినిన వెంటనే, అన్ని పనులను విడిచి త్వరగా రమ్మనియు, మరుగుజ్జు పడవమీఁదినుండి నీటఁ బడకుండ మంచివారిని కావలియుంచుమనియు, రాత్రి పదిసారులు లేచి చూడుఁడనియు, గనులనుండి వచ్చు కానుకలన్నిటికంటెను వానిని జూచుటయే తనకు ముద్దనియు ఉత్తరము వ్రాయించెను. హర్ఖుఫు ఆ యుత్తరమును మొత్తముగాఁ దన సమాధి ముంగిట గోడమీఁదఁ జెక్కించుకొనెను. దానిని చదివినపిమ్మట పిల్లలు నవ్వుకొనినంతసేపు నవ్వుకొననిచ్చి, ఒక ప్రశ్న వేయుదుము. ఆ మరుగుజ్జు పేరేమి? ఉత్తరమున రాజు పేరున్నది, హర్ఖుఫు పేరున్నది. వాని పేరు లేదు. వాఁడు నగరునకుఁ జేరెనో లేదో కూడ నా గోడమీఁద వ్రాయలేదు.