పాలలాంటి రక్తం, తప్పు చెప్పే లెక్క

ఇమ్లీబన్‌లో బస్సు దిగి మూసీ పక్కనున్న ఉస్మానియా ఆస్పత్రికి నడిచేవారి చేతిసంచిలో సద్దిగిన్నెతో పాటు రక్తపరీక్ష చీటీ కూడా ఉంటుంది. అందులో సోడియం 120 అని ఉంటే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. ఉండవలసింది 135 నుంచి 145 వరకు. ఒంట్లో ఉప్పు పడిపోయిందంటారు. చాలాసార్లు అది నిజమే. కొన్నిసార్లు మాత్రం తగ్గింది ఉప్పు కాదు, లెక్క.

షుగరు అదుపు తప్పినవారిలో, అతిగా తాగేవారిలో, కొన్ని వంశాల్లో రక్తంలో కొవ్వు విపరీతంగా పెరుగుతుంది. ఆ రక్తాన్ని గొట్టంలో తేరనిస్తే పైన నిలిచే ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. సోడియం నీటిలో ఉంటుందిగాని కొవ్వులో ఉండదు. ఉప్పు వేసిన చల్లను తేలే వెన్నతో కలిపి గరిటెడు తీయండి. ఆ గరిటెలో ఉప్పు తక్కువే, చల్ల రుచి మాత్రం మారలేదు. పెద్ద పరీక్షశాలల్లోని యంత్రాలు చాలావరకు ఇలా కొలిచి తీసిన ద్రవాన్నే పలచన చేసి లెక్క కడతాయి. మామూలుగా అందులో నూటికి 93 పాళ్లు నీరు. అది 80కి పడిపోతే, 140 రావలసిన చోట యంత్రం 120 చూపుతుంది!

పలచన చేయకుండా నేరుగా కొలిచే యంత్రాలున్నాయి. అత్యవసర విభాగాల్లో రక్తంలోని వాయువులు చూసే యంత్రం అటువంటిదే. దాని లెక్క కొవ్వువల్ల చెడదు.

లెక్క తప్పితే ఏం కొంప మునిగిందంటారా? తగ్గని ఉప్పు తగ్గిందనుకొని గాఢమైన సెలైన్ ఎక్కిస్తే సోడియం నిజంగానే హద్దు దాటుతుంది. నీళ్లు తగ్గిస్తే, కొవ్వువల్ల క్లోమం వాచిన రోగి మరింత ఎండిపోతాడు.

దీనికి కోట్లు అక్కరలేదు. ద్రవం పాలలా ఉన్న సంగతి టెక్నీషియన్ కంటికే కనిపిస్తుంది. ఆ ముక్క చీటీ మీద రాస్తే చాలు. 2021 నుంచి జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ రోగనిర్ధారణ కేంద్రాలు వచ్చాయి. పల్లె ఆస్పత్రిలో తీసిన రక్తం అక్కడికి వెళుతుంది. గొట్టాన్ని చూసేవారొకరు, రోగిని చూసే డాక్టరు మరొకరు. అందుకే ఆ ముక్క రాసితీరాలని వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. 2025లో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగిన ఉస్మానియా కొత్త భవనంలోనూ నేరుగా కొలిచే యంత్రం క్యాజువాల్టీ పక్కనే, రాత్రింబవళ్లు పనిచేసేలా ఉండాలి.

చీటీని చెత్తబుట్టలో వేయమని మా భావం కాదు. వాంతులు, విరేచనాలు, మూత్రం ఎక్కువ పోయే బి.పి. మాత్రలు - వీటివల్ల సోడియం నిజంగా తగ్గేవారే ఎక్కువ. రోగి తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా క్షణం ఆలస్యం వద్దు. షుగరు రోగి తెలివిగా కూర్చుని మాట్లాడుతుండగా చీటీ ఒక్కటే భయపెడుతుంటే మాత్రం, "రక్తం పాలలా ఉందా డాక్టరుగారూ, నేరుగా కొలిచే యంత్రంలో ఇంకోసారి చూపిస్తారా" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.