తీగలేని బొమ్మకు చట్టమెక్కడ?

ధారూరులో కేబులు తీగ లాగి టెలివిజను చూపదలచినవాడు 1995 నాటి కేంద్రచట్టము ననుసరించి తన పేరు నమోదు చేయించుకొనవలెను. వాని ఊరు, పేరు ప్రభుత్వ మెరుగును. నేడదే బొమ్మ ఇంటర్నెట్టు ద్వారా చేతిలోని ఫోనుకు వచ్చుచున్నది. చందా పుచ్చుకొనువాడు ముంబయిలో నున్నాడో, సముద్రముల కావల నున్నాడో చందాదారు ఎరుగడు.

చట్టమే లేదనుట సరికాదు. చిత్రములను ప్రేక్షకుల వయసునుబట్టి వర్గీకరింపవలెననియు, ఫిర్యాదును 15 దినములలో తేల్చవలెననియు 2021 ఫిబ్రవరి నియమములు విధించినవి. వానిలో కొన్నిటిని ఆ యేడే బొంబాయి హైకోర్టు తాత్కాలికముగా నిలిపివేసినది. పైగా ఆ యేర్పాటులో ఫిర్యాదును మొదట విచారించునది ఆ సంస్థయే! ప్రభుత్వ సంఘము మూడవ మెట్టున గాని కనబడదు. కంచెను నమ్మవలసినదే; కాని అది చేను మేయకుండ చూచువా డొకడుండవలదా?

వందల ఛానళ్లను కారుచౌకగా నిత్తుమనువానికి మొదటి మెట్టును లేదు. లాభమునకై దొంగప్రతిని ప్రదర్శించువానికి 2023 సవరణచట్టము 3 నెలలకు తగ్గని ఖైదును, 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానాను విధించినది. కొనువాడు మోసమును గుర్తించుట కది చాలదు. సంస్థలు తమ వివరములను కేంద్రమునకు తెలుపవలెనన్న నియమము కలదు గదా! ఆ పట్టికను తెలుగున అచ్చొత్తించి పంచాయతీ గోడకు అంటించినచో, ఏ చందా న్యాయమైనదో ఎనిమిదవ తరగతి బాలుడే తండ్రికి చదివి చెప్పగలడు.