యోసిప్ క్రేగార్

యోసిప్ క్రేగార్ (1953 - 2020) క్రొయేషియా దేశానికి చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు, రాజకీయ నాయకుడు. జాగ్రెబ్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విభాగంలో బోధించి, దానికి డీన్‌గా కూడా పనిచేసాడు. సమాజశాస్త్రం, ప్రభుత్వ పాలనా వ్యవస్థ, అవినీతి ఆయన అధ్యయన విషయాలు. 2009లో రాజధాని జాగ్రెబ్ నగర మేయరు పదవికి స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి, రెండవ విడతలో మిలాన్ బాండిచ్ చేతిలో ఓడిపోయాడు.

నగర పాలనలో ప్రవేశం

క్రేగార్‌కు నగర పాలనతో సంబంధం 2009తో మొదలు కాలేదు. 1995 నగర ఎన్నికలలో అధికార పక్షమైన క్రొయేషియా ప్రజాస్వామ్య కూటమి జాగ్రెబ్‌ను కోల్పోయింది. అయినప్పటికీ అధ్యక్షుడు ఫ్రాన్యో టుజ్మాన్, ప్రతిపక్షాలు మేయరు పదవికి ప్రతిపాదించిన నలుగురినీ ఒకరి తరువాత ఒకరుగా తిరస్కరించాడు. దీనినే "జాగ్రెబ్ సంక్షోభం" అంటారు. ఓటరు తీర్పు కంటే అధ్యక్షుని సంతకమే ఎక్కువ అన్న ఆ స్థితి టుజ్మాన్ మరణం తరువాతనే మారింది. 2000లో జాతీయ ప్రభుత్వం మారి, నగరసభ రద్దయినపుడు, కొత్త ఎన్నికలు జరిగేవరకు నగరాన్ని నడిపే ప్రత్యేకాధికారిగా క్రేగార్ నియమితుడయ్యాడు. ఆ ఎన్నికల తరువాత మేయరు అయినవాడు సోషల్ డెమోక్రటిక్ పార్టీకి చెందిన బాండిచ్. అంటే తొమ్మిదేళ్ళ తరువాత తనకు ప్రత్యర్థి కాబోయే వ్యక్తికి దారి వేసిన ఎన్నికలు క్రేగార్ హయాములోనే జరిగాయన్నమాట.

2009 ఎన్నిక

అంతకుముందు మేయరును నగరసభ్యులు ఎన్నుకొనేవారు. క్రొయేషియాలో ప్రజలే నేరుగా మేయరును ఎన్నుకోవడం 2009లోనే మొదలైంది. ఈ మార్పు లేకపోతే పార్టీ బలం లేని ఒక ఆచార్యుడు బరిలో నిలవడం కష్టమే. కాని అదే మార్పు బాండిచ్‌కు ఇంకా ఎక్కువ మేలు చేసింది. తెల్లవారకముందే వీధుల్లో తిరిగే మేయరుగా ఆయన పేరు ఇంటింటా తెలిసినది. నగరానికి చెందిన సంస్థలన్నిటినీ కలిపి ఏర్పరచిన జాగ్రెబ్ హోల్డింగ్‌లో వేలమంది ఉద్యోగులు ఉండేవారు. వేసిన రోడ్డు కంటికి కనబడుతుంది. టెండరు సక్రమంగా పిలిచారా లేదా అన్నది కనబడదు. క్రేగార్ ప్రచారం ఈ కనబడని దాని గురించే. నగర కేంద్రంలోని వర్షావ్‌స్కా వీధిలో ప్రైవేటు నిర్మాణానికి వ్యతిరేకంగా పౌరులు ఉద్యమిస్తున్న కాలం కూడా అదే.

మొదటి విడతలో బాండిచ్‌కు సగానికి కొద్దిగా తక్కువ ఓట్లు వచ్చాయి. ప్రజాస్వామ్య కూటమి అభ్యర్థిని వెనక్కు నెట్టి క్రేగార్ రెండవ స్థానంలో నిలిచాడు. మే 31న జరిగిన రెండవ విడతలో బాండిచ్ 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. ఒక పార్టీ అండలేని అభ్యర్థి అంతవరకు రావడమే ఆనాడు విశేషం.

తరువాతి పరిణామాలు

కొద్ది నెలలకే బాండిచ్ దేశాధ్యక్ష పదవికి పోటీచేసి సొంత పార్టీకి దూరమయ్యాడు. 2010 జనవరిలో ఆయనను ఓడించినది కూడా అదే న్యాయశాస్త్ర విభాగానికి చెందిన ఆచార్యుడు ఈవో యోసిపోవిచ్ కావడం గమనార్హం. అయితే యోసిపోవిచ్ వెనుక సోషల్ డెమోక్రటిక్ పార్టీ ఉన్నది, క్రేగార్ వెనుక లేదు. ఇద్దరి ఫలితాలలోని తేడాకు ఇది ముఖ్య కారణంగా చెప్పుకోవచ్చు.

క్రేగార్ 2011లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. బాండిచ్ 2014లో అవినీతి ఆరోపణలపై అరెస్టయినప్పటికీ 2017లో మరల గెలిచాడు. 2020లో క్రేగార్ మరణించేనాటికి బాండిచ్ ఇంకా మేయరుగానే ఉన్నాడు. 2021 ఫిబ్రవరిలో పదవిలో ఉండగానే బాండిచ్ మరణించాడు. ఆ ఏడాది మే నెలలో, వర్షావ్‌స్కా ఉద్యమంలో పాల్గొన్న తొమిస్లావ్ తొమాషెవిచ్ జాగ్రెబ్ మేయరుగా ఎన్నికయ్యాడు.